వరి విత్తనంలో కలిసిన గడ్డి గింజలు: ఏది ఏదో గుర్తుపట్టడం

విత్తనపు వడ్లలో కలిసే గడ్డి గింజలన్నీ ఒకే తీరు ప్రమాదం కావు. మిల్లీమీటరు పొడవు కూడా లేని సన్న గింజలు తూర్పారబట్టేటప్పుడే గాలికి కొట్టుకుపోతాయి, లేదా జల్లెడ కిందకి దిగిపోతాయి. వడ్లగింజ మందం, బరువు ఉన్నవే చేటను, జల్లెడను, మిషన్‌ను దాటుకుని మళ్లీ నారుమడికి చేరతాయి. కాబట్టి కళ్లకు పని పెట్టాల్సింది ఈ రెండో రకం మీదే. ముందు నివ్వరి (అడవి వరి), ఆ తర్వాత పెద్ద ఊద, మిగిలినవన్నీ వీటి వెనక.

గింజను చూసి పేరు చెప్పగలగడం సరదా కోసం కాదు. కలుపు మందు ఎంపికంతా దాని మీదే ఆధారపడుతుంది. బిస్పైరిబాక్ సోడియం అనే మందు ఊదను బాగా అణుస్తుంది, కానీ లెప్టోక్లోవా అనే గడ్డి మీద దాని ప్రభావం అంతంతమాత్రం. సైహలోఫాప్ బ్యుటైల్ ఆ రెంటి మీదా పనిచేస్తుంది గానీ తుంగ జాతిని ముట్టుకోదు. ఇక నివ్వరి వరికి సొంత దాయాది. మామూలు వరి రకాలు వేసిన పొలంలో వరిని వదిలేసి దాన్ని మాత్రం చంపే మందు లేదు. దాన్ని సంచిలో ఉండగా పట్టుకోవడమే తేలిక.

సంచి మీది ట్యాగు చూసి నిశ్చింతగా ఉండేవాళ్లకు ఒక మాట. 98 శాతం భౌతిక స్వచ్ఛత (బరువులో అసలు విత్తనం వాటా) అంటే కలుపు గింజ లేదని కాదు. కలుపు గింజలకు లెక్క వేరే ఉంది. మన దేశపు కనీస ధ్రువీకరణ ప్రమాణాల ప్రకారం వరిలో మొత్తం కలుపు గింజలు ఫౌండేషన్ విత్తనంలో (సర్టిఫైడ్ విత్తనాన్ని పండించడానికి వాడేది) కిలోకు 10, సర్టిఫైడ్ విత్తనంలో (రైతుకు అమ్మేది) కిలోకు 20 వరకు ఉండొచ్చు. అభ్యంతరకరమైన కలుపు అని విడిగా చెప్పింది అడవి వరిని, అంటే మన నివ్వరినే. అది ఫౌండేషన్‌లో కిలోకు 2, సర్టిఫైడ్‌లో 5 మించకూడదు. ఎకరం నారుకు 20 కిలోల సర్టిఫైడ్ విత్తనం పోస్తే, ప్రమాణం లోపలే ఉన్నా 400 కలుపు గింజల దాకా చల్లినట్టే. ఇంట్లో దాచుకున్న విత్తనానికి ఆ మాత్రం హద్దు కూడా లేదు.

సామాను, నమూనా

పది రెట్లు పెద్దగా చూపే చేతి లెన్స్ ఒకటి చాలు. అంతకంటే ఎక్కువ రెట్లది కొంటే కనిపించే మేర తగ్గిపోయి గింజ ఎక్కడుందో వెతుక్కోవడమే సరిపోతుంది. దానితో పాటు సన్న మొన ఉన్న పట్టకారు, గుండుసూది, మిల్లీమీటర్ల స్కేలు లేదా గ్రాఫ్ కాగితం, గ్రాముల్లో చూపే చిన్న కాటా, రవ్వ జల్లెడ. కింద పరవడానికి ముదురు నీలం కాగితం, తెల్ల కాగితం రెండూ ఉంచుకోండి. గడ్డి రంగు గింజలు నీలం మీద తేలతాయి, నల్లవి తెలుపు మీద. పసుపు బల్బు కింద ఈ పని పెట్టుకోవద్దు. పొద్దున పూట కిటికీ పక్కన కూర్చుంటే వెలుతురు పక్క నుంచి పడి ముడతలు, ఈనెలు స్పష్టంగా లేస్తాయి.

గుప్పెడు వడ్లు అరచేతిలో పోసుకుని చూసి "శుభ్రంగానే ఉంది" అనేస్తుంటారు. ఆ గుప్పెడు 40 గ్రాములు అనుకుందాం. కిలోకు 20 కలుపు గింజలు ఉన్న విత్తనంలో 40 గ్రాములకు సగటున ఒక్క గింజ కూడా రాదు. అందుకే విత్తన పరీక్షలో స్వచ్ఛత శాతానికి 40 గ్రాములు చూసినా, ఇతర గింజల లెక్కకు 400 గ్రాములు చూస్తారు. సాంబ మసూరి అయితే వెయ్యి గింజలు 14, 15 గ్రాములే తూగుతాయి కాబట్టి 400 గ్రాములంటే 27 వేల గింజల మాట.

నమూనా తీయడంలో లెక్క ఇది. అయిదు సంచుల వరకు ప్రతి సంచిలోంచీ తీయాలి, మొత్తం మీద అయిదు సార్లకు తగ్గకూడదు. 6 నుంచి 30 సంచులుంటే మూడింటికి ఒకటి, అయినా అయిదుకు తగ్గకుండా. అంతకు మించితే అయిదింటికి ఒకటి, పదికి తగ్గకుండా. ప్రతి సంచిలో పైన, నడుమ, అడుగున మూడు చోట్ల గొట్టం గుచ్చి తీయండి. సంచి కదిలినప్పుడల్లా చిన్న గింజలు అడుగుకు జారతాయి. పైనుంచి మాత్రమే తీస్తే మంచి మార్కులు వచ్చేస్తాయి, అబద్ధపు మార్కులు. తీసినదంతా పట్టా మీద పోసి కలిపి, కుప్ప చేసి, నాలుగు భాగాలుగా చీల్చి ఎదురెదురు రెండు భాగాలు ఉంచుకోండి. మిగతా రెండూ పక్కకు. 400 గ్రాములకు దగ్గరయ్యే దాకా ఇలాగే. చివర్లో తూకం కోసం చేత్తో చిటికెడు చిటికెడు తీసేయొద్దు, తెలియకుండానే చెత్త ఉన్న చోటే తీస్తాం.

విడదీయడం

400 గ్రాములనూ ముందు రవ్వ జల్లెడలో ఆడించండి. కిందపడిన దుమ్మును తెల్ల కాగితం మీద విడిగా ఉంచండి. లెప్టోక్లోవా, తుంగ, ఎల్యూసిన్ వంటి సన్న గింజలన్నీ అందులోనే దొరుకుతాయి. పైన మిగిలిన వడ్లను 40, 50 గ్రాముల చొప్పున నీలం కాగితం మీద ఒక్క పొరగా పరిచి, స్కేలు అంచుతో వరుస వరుసగా పక్కకు జరుపుతూ చూడాలి. వడ్లగింజ కానిది ఏది కనిపించినా అప్పుడే పేరు పెట్టకుండా చిన్న గిన్నెలో వేసేయండి. వడ్లగింజలాగే ఉన్నా కొనకు మీసం ఉన్నవి, నల్లటి లేదా గోధుమ రంగు పొట్టు ఉన్నవి, తక్కిన వాటికంటే పొట్టిగా లావుగా ఉన్నవి రెండో గిన్నెలోకి. ఈ రెండో గిన్నే అసలు గిన్నె.

లెక్కలోకి ఏది వస్తుందో ముందే తెలియాలి. సగం కంటే పెద్ద ముక్క అయితే గింజ కిందే లెక్క, సగమో అంతకంటే తక్కువో అయితే చెత్త. లోపల గింజ లేని ఖాళీ పొట్టు కూడా చెత్తే. అనుమానం వస్తే పట్టకారుతో మెల్లగా నొక్కండి. నిండు గింజ ఎదురు తిరుగుతుంది, తాలు చప్పున అణిగిపోతుంది. ఎలుక పెంటికలు, మానిపండు తెగులు ఉండలు, మట్టిబెడ్డలు మొదట్లో అందరినీ కాసేపు తిప్పలు పెడతాయి. గుండుసూదితో గీకితే పొడి రాలేది గింజ కాదు.

చూడాల్సిన వరుస

రంగుతో మొదలుపెట్టకండి. ఒకే కంకిలో పచ్చిగా ఉన్నప్పుడు తీసిన గింజ, పండి రాలిన గింజ, వానకు తడిసిన గింజ మూడు రంగుల్లో ఉంటాయి. ఆకారం, పొరలు, అంచులు, గీతలు మారవు.

మొదట అడ్డుకోత ఆకారం. గింజను పట్టకారుతో నిలబెట్టి కొన వైపు నుంచి చూడండి. మూడు పలకలుగా ఉంటే అది గడ్డి కాదు, తుంగ జాతి. నల్ల గోధుమ రంగులో ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్లు ఉంటే సైపరస్ ఇరియా కావొచ్చు. మిల్లీమీటరు లోపు పసుపు ఛాయలో ఉంటే సైపరస్ డిఫార్మిస్. పాలిపోయి, ఒంటి నిండా చిన్న బుడిపెలు ఉంటే ఫింబ్రిస్టైలిస్. వీటిని వేరే గిన్నెలో వేసి పక్కన పెట్టండి.

ఒక పక్క బల్లపరుపుగా, మరో పక్క ఉబ్బుగా ఉంటే ఊద, సెటేరియా, డిజిటేరియా, అరిక జాతుల బృందం. ఈ బృందంలో ఒక చిక్కుంది. వీటి గింజ చుట్టూ బయట రెండు మూడు పలుచని కాగితపు పొరలు, లోపల ఒక గట్టి మెరిసే పెంకు ఉంటాయి. కోత మిషన్‌లో రాపిడి ఎక్కువైతే పై పొరలు ఊడిపోయి పెంకు మాత్రమే మిగులుతుంది. అప్పుడు ఒకే ఊద ఒకే సంచిలో రెండు వేషాల్లో కనిపిస్తుంది: పొరలతో ఉన్నది నూగుగా, మాసినట్టు, ఈనెలతో, ఊడినది నున్నగా తళతళలాడుతూ. కొత్తవాళ్లు దీన్ని రెండు జాతులుగా రాసేస్తారు. అందుకే పొరలున్న గింజ ఒకటి తీసుకుని, పొడి కాగితం మీద పెట్టి, వేలి కొనతో నాలుగుసార్లు దొర్లించి పొరలు తీసేసి, లోపలి పెంకును పక్కనున్న నున్నటి గింజతో పోల్చండి. పేరు తేల్చేది ఆ లోపలి పెంకే.

పెంకు మీద మూడు చూడాలి. అడ్డ ముడతలు ఉన్నాయా, నున్నగా ఉందా? అంచులు మందంగా లోపలికి మడిచి ఉన్నాయా, పలుచగా పారదర్శకంగా పరుచుకున్నాయా? కొన ఎలా ముగిసింది? ఈ మూడు జవాబులతో చాలావరకు పని పూర్తవుతుంది.

ఒక్కో గింజ

ఊద అని ఊళ్లో పిలిచేది ఒక్కటే గడ్డి కాదు. ఎకైనోక్లోవా కొలోనాను ఇక్కడ చిన్న ఊద అని, ఎకైనోక్లోవా క్రస్‌గల్లీని పెద్ద ఊద అని చెప్పుకుందాం. చిన్న ఊద గింజ పొరలతో కలిపి 2 నుంచి 3 మిల్లీమీటర్లు. మీసం ఉండదు, కొన మాత్రం సూటిగా మొన తేలి ఉంటుంది. పైన మెత్తటి పొట్టి నూగు. పెద్ద ఊద 3 నుంచి 4 మిల్లీమీటర్లు. ఈనెల వెంబడి బిరుసు రోమాలు, లెన్స్ కింద చూస్తే కొన్ని రోమాల మొదట్లో చిన్న బుడిపె. మీసం ఉండొచ్చు, ఉండకపోవచ్చు. ఉంటే కొన్ని సెంటీమీటర్లు కూడా సాగుతుంది. మిషన్‌లో అది విరిగిపోతుంది కాబట్టి మీసం లేదని చిన్న ఊద అనేయొద్దు, విరిగిన మొండి కోసం చూడండి.

పొరలు తీస్తే రెంటి పెంకూ ఒకే తరహాలో నున్నగా, మెరుస్తూ, లేత పసుపు నుంచి బూడిద రంగులో ఉంటుంది. బల్లపరుపు వైపు తిప్పి కొన దగ్గర చూడండి. పెంకు అంటే నిజానికి రెండు రేకుల జత, వాటిలో లోపలిది, అంటే పేలియా, కొన దగ్గర పై రేకు పట్టులో ఇమడకుండా కాస్త బయటకు వంగి ఉంటుంది. ఊద జాతికి ఇది నమ్మదగిన గుర్తు. పెంకు కూడా పోయి వట్టి గింజ మిగిలితే అంకురం వైపు చూడండి. గింజ పొడవులో సగానికి మించి, చాలాసార్లు ముప్పాతిక భాగం దాకా అంకురమే ఆక్రమించి ఉంటుంది. బియ్యపు గింజలో అంకురం ఒక మూలకు చిన్నగా ఉండే సంగతి తెలిసిందే. నూకలో కలిసిన వట్టి ఊద గింజను పట్టుకోవడానికి ఇంతకంటే తేలిక దారి లేదు.

సెటేరియా జాతుల్లో ఎక్కువగా తగిలేది సెటేరియా పుమిలా. సుమారు 3 మిల్లీమీటర్లు, బొద్దుగా ఉంటుంది. దీని పై పొర సగం దాకే కప్పుతుంది కాబట్టి, ఏ పొరా తీయకుండానే లోపలి పెంకు మీది అడ్డ ముడతలు బయటకే కనిపిస్తాయి. అండుకొర్రకు, దాని జాతి గడ్డికి కూడా ముడతల పెంకే, కానీ పై పొర గింజ మొత్తాన్ని కప్పేస్తుంది. పొర తీస్తేనే ముడతలు బయటపడతాయి. కంకిలో కనిపించే కుచ్చు వెంట్రుకలు మొక్క మీదే ఉండిపోతాయి, గింజతో రావు. సంచిలో వాటి కోసం వెతకనక్కర్లేదు.

డిజిటేరియా గింజ సన్నగా, పొడవుగా, చదునుగా ఉంటుంది. పొడవు 2.5 నుంచి 3.5 మిల్లీమీటర్లు, బూడిద లేదా ఊదా ఛాయ. తిరుగులేని గుర్తు అంచు: పెంకు అంచులు మడత లేకుండా, పలుచగా, వెలుతురు కనిపించేలా పరుచుకుని ఉంటాయి. తక్కిన వాటిలో అంచు మందంగా లోపలికి మడిచి ఉంటుంది. గింజ తేలిక కాబట్టి మంచి గాలికి నిలవదు.

అరిక జాతి గడ్డి గింజ దాదాపు గుండ్రం, 2 నుంచి 3 మిల్లీమీటర్లు. ఒక పక్క పూర్తిగా చదును. ఊదకు, సెటేరియాకు అడుగున ఉండే పొట్టి పొర దీనికి ఉండదు. పండిన అరిక పెంకు ముదురు గోధుమ రంగులో ఉంటుంది.

ఇస్కీమమ్ రుగోసమ్‌ను ఒకసారి చూస్తే మళ్లీ పుస్తకం అక్కర్లేదు. 4 నుంచి 6 మిల్లీమీటర్ల గింజ వీపున రోడ్డు మీద స్పీడ్ బ్రేకర్లలా అడ్డంగా మూడు నుంచి ఆరు దాకా ఎత్తయిన కట్టలు. మెలి తిరిగిన మీసం. కంకి కణుపు ముక్క, కాడ కూడా గింజకు అంటుకునే రాలతాయి. పరిమాణంలో వడ్లగింజకు దగ్గర కాబట్టి జల్లెడకు లొంగదు. అంటుకున్న ముక్కల వల్ల ఇంకా లావుగా ప్రవర్తిస్తుంది. నివ్వరి, పెద్ద ఊదల తర్వాత దీన్నే పట్టించుకోవాలి.

దుమ్ములో దొరికే సన్నవాటికి ఎక్కువ సమయం అక్కర్లేదు. ఎల్యూసిన్ ఇండికా గింజ మిల్లీమీటరు పైచిలుకు, ముదురు గోధుమ నుంచి నలుపు, ఏటవాలు గీతలు. డాక్టిలోక్టీనియం గింజ మిల్లీమీటరే, ఎర్ర గోధుమ రంగు, పలకలుగా, అలల ముడతలతో. రెంటికీ ఒంటికి వదులుగా ఒక పలుచని పొర ఉంటుంది, తడిపి నలిపితే ఊడి వస్తుంది. లెప్టోక్లోవా చైనెన్సిస్ గింజ 0.8 మిల్లీమీటరు దగ్గర. విత్తనంతో వచ్చే దానికంటే పొలంలో రాలి ఉన్నదే ఎక్కువ బాధ పెడుతుంది.

నివ్వరి: రెండో గిన్నె

ఇక్కడ కొలతలు, పొరలు పనికిరావు. వడ్లగింజకు ఉన్నవన్నీ దీనికీ ఉంటాయి: అడుగున రెండు చిన్న రేకులు, పొట్టు మీద వరుసలు వరుసలుగా సన్న బుడిపెలు, అదే అంకురం. చూడాల్సినవి నాలుగు, వాటిలో ఏ ఒక్కదాన్నీ ఒంటరిగా నమ్మకూడదు.

అన్నిటికంటే విలువైనది తొడిమ మచ్చ. గింజ అడుగును వెలుతురు వైపు తిప్పి లెన్స్ కింద పట్టుకోండి. మనం నూర్చిన వరి గింజ బలవంతంగా తెగుతుంది కాబట్టి అక్కడ గరుకుగా, పీచు లేచినట్టు, కొన్నిసార్లు కాడ ముక్క అంటుకుని ఉంటుంది. నివ్వరి తనంతట తానే రాలే గింజ. కాడ నుంచి విడిపోయే పొర ముందే తయారై ఉంటుంది కాబట్టి మచ్చ గుండ్రంగా, నున్నగా, కాస్త గుంటగా ఉంటుంది. రెండు గింజలు పక్కపక్కన పెట్టి చూస్తే తేడా మొదటిసారే తెలుస్తుంది. చిక్కు ఎక్కడంటే, తేలిగ్గా రాలే వరి రకాల్లో కూడా మచ్చ కాస్త నున్నగానే ఉంటుంది. అందుకే మీ సంచిలోని మామూలు గింజలు ఒక ఇరవై తీసి వాటి మచ్చ ఎలా ఉందో ముందు చూసుకుని, తర్వాతే అనుమానపు గింజకు వెళ్లండి.

రెండోది మీసం. నివ్వరికి సెంటీమీటర్ల కొద్దీ పొడవైన, బిరుసైన మీసం ఉంటుంది. మిషన్‌లో విరిగితే కొన మొండిగా మిగులుతుంది. మీసం లేని రకమైతే గింజ ముక్కు సహజంగా మొన తేలి ముగుస్తుంది. మూడోది పొట్టు రంగు: నలుపు, ముదురు గోధుమ, లేదా అచ్చం గడ్డి రంగు. గడ్డి రంగు వాటిని రంగుతో పట్టలేం.

నాలుగోది లోపలి రంగు. పొట్టు వలిచి చూస్తే నివ్వరి బియ్యం ఎక్కువగా ఎర్రగా ఉంటుంది. ముదరని గింజల్లో, పాత గింజల్లో ఆ ఎరుపు పాలిపోయి అయోమయంగా ఉంటే పొటాషియం హైడ్రాక్సైడ్ పరీక్ష ఉంది. 100 మిల్లీలీటర్ల నీటిలో 2 గ్రాములు కరిగించి, పొట్టు తీసిన ఒక్కో గింజను చిన్న గాజు గొట్టంలో వేసి మునిగేంత ద్రావణం పోయండి. కొద్ది నిమిషాల్లో ఎర్ర బియ్యమైతే ద్రావణం ముదురు ఎరుపుకు తిరుగుతుంది, తెల్ల బియ్యమైతే లేత పసుపు దగ్గరే ఆగుతుంది. పక్కన మీ రకం గింజను ఒకటి పోలికకు పెట్టుకోండి. ఈ ద్రావణం చర్మాన్ని, కళ్లను కాలుస్తుంది, తొడుగులు లేకుండా ముట్టుకోవద్దు. మీరు పండించేదే ఎర్ర బియ్యపు రకమైతే ఈ పరీక్షతో లాభం లేదు, మచ్చ, మీసాల మీదే ఆధారపడాలి.

సంచిలో నివ్వరి తక్కువ కనిపించిందంటే పొలంలో తక్కువ ఉందని కాదు. పండిన గింజలు చాలావరకు కోతకు ముందే నేల మీద రాలిపోతాయి. సంచిలోకి వచ్చేది ఆలస్యంగా పండిన నాలుగు గింజలే. ఎరుగని చోటి నుంచి తెచ్చిన విత్తనంలో ఒక్కటి దొరికినా ఆ విత్తనం వద్దనే మా సలహా. మందు పట్టించని విత్తనమైతే తిండికి వాడుకోండి, నారుకు వద్దు.

లెక్క, నిర్ణయం

400 గ్రాముల్లో దొరికిన గింజల సంఖ్యను 2.5తో గుణిస్తే కిలోకు ఎన్నో వస్తుంది. సర్టిఫైడ్ స్థాయికి 400 గ్రాముల్లో అన్ని కలుపు గింజలూ కలిపి 8 దాటకూడదు, నివ్వరి 2 దాటకూడదు. ఫౌండేషన్ స్థాయికి మొత్తం 4. నివ్వరి ఒక్కటి దొరికినా కిలోకు 2.5 అవుతుంది కాబట్టి హద్దు దాటినట్టే. తుంగ గింజలనూ మొత్తంలో కలపాలి.

పేరు తేలని గింజ మిగిలితే మొలకెత్తించండి. తడి కాగితంలో చుట్టి నీడన ఉంచి, మొలిచాక మట్టి కుండీలో మూడు నాలుగు ఆకులు వచ్చేదాకా పెంచండి. ఆకు, కాడ కలిసే చోట లెన్స్ పెట్టండి. వరికి అక్కడ తెల్లటి పొర నాలుక, రెండు పక్కలా చెవుల్లాంటి అతుకులు ఉంటాయి. ఊదకు అక్కడ ఏమీ ఉండదు, నున్నగా ఖాళీ. అయితే నివ్వరికి వరిలాగే నాలుక, చెవులు రెండూ ఉంటాయి. మొలక దశలో దాన్ని ఈ గుర్తుతో విడదీయలేం. మొలక రాలేదని గింజ చచ్చిందనీ అనుకోవద్దు. కొత్తగా రాలిన ఊదకు, నివ్వరికి నిద్రావస్థ ఉంటుంది.

చిరుధాన్యాల సంగతి

కొర్ర, ఊదలు, రాగి విత్తనంలో పని ఇంకా కష్టం. కలుపూ పంటా ఒకే కుటుంబం, ఒకే పరిమాణం. ఇక్కడ గింజ ఎలా ఊడిందో చూడాలి. సాగు కొర్ర పై పొరలను మొక్క మీదే వదిలేసి, నున్నటి పెంకుతో మాత్రమే వస్తుంది. అడవి సెటేరియా పొరలన్నిటితో సహా మొత్తంగా రాలుతుంది, లోపలి పెంకు మీద సన్న ముడతలు. సాగు ఊద గింజ చిన్న ఊద కంటే బొద్దుగా ఉంటుంది, తనంతట రాలదు. రాగి దాదాపు గుండ్రంగా ఉంటుంది. ఎల్యూసిన్ ఇండికా కోలగా, గీతలతో ఉంటుంది.

తీసేయడం

గుర్తుపట్టాక ఏ పరికరం పనికొస్తుందో దానంతట అదే తెలుస్తుంది. గుండ్రటి రంధ్రాల జల్లెడ వెడల్పును బట్టి, పొడుగు రంధ్రాల జల్లెడ మందాన్ని బట్టి విడదీస్తుంది. చిన్న ఊద వడ్లగింజ కంటే వెడల్పు తక్కువ, కాబట్టి గుండ్రటి రంధ్రాల్లో దిగుతుంది. అయితే సాంబ మసూరి, తెలంగాణ సోనా వంటి సన్నగింజ రకాల్లో రంధ్రం కాస్త పెద్దదైతే వడ్లు కూడా నిలువుగా జారిపోతాయి. ముందు కిలో పోసి ఆడించి, కింద ఏం పడిందో చూసి జల్లెడ మార్చుకోండి. పెద్ద ఊద మందంలో వడ్లకు దగ్గరైనా పొడవులో సగం కూడా ఉండదు. దానికి పొడవును బట్టి ఏరే ఇండెంటెడ్ సిలిండర్ సరైనది, పెద్ద విత్తన శుద్ధి కేంద్రాల్లో అది ఉంటుంది.

ఇంటి దగ్గరైతే ఉప్పునీరు. 10 లీటర్ల నీటికి కిలో ఉప్పు కలిపితే సాంద్రత 1.06 దాకా వస్తుంది. వడ్లు కొద్దికొద్దిగా పోసి బాగా కలియబెట్టండి. కలపకపోతే పొట్టు మీది నూగుకు గాలి బుడగలు అంటి మంచి వడ్లు కూడా తేలతాయి. తేలిన తాలు, తేలిక గడ్డి గింజలు జల్లెడతో తీసేసి, మునిగిన వడ్లను వెంటనే మంచినీటిలో రెండు మూడుసార్లు కడగాలి, ఉప్పు మిగిలితే మొలక దెబ్బతింటుంది. నిండు నివ్వరి గింజ వడ్లతో పాటే మునుగుతుంది. ఉప్పునీటితో అది పోయిందనుకోవడం పొరపాటు.

జల్లెడ కింద పడినదాన్ని, తేలినదాన్ని పెంటకుప్పలో వేయొద్దు, పశువులకు అలాగే పెట్టొద్దు. గట్టి పెంకు ఉన్న గింజలు చాలా వరకు పశువు కడుపు దాటి పేడతో పొలానికే వస్తాయి. మరపట్టి పిండి చేసి కోళ్లకు వేయండి, లేదా కాల్చేయండి.